వెయ్యి నూట పదహార్ల ఎంబీ

మా టైపు మేడం గారికి కంప్యూటరంటే కోపం. భయమంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. బెజవాడ పటమటలో మందుల షాపు పైన మేడ మీద ఆవిడ ఇరవై ఏళ్లకు పైగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. నేను లోయరూ హయ్యరూ అక్కడే పాసయ్యాను. పాసయ్యాక ఇంటికి పోకుండా అక్కడే అసిస్టెంటుగా ఉండిపోయాను. నేను నేర్చుకునే రోజుల్లో పదిహేను మిషన్లు ఒకేసారి మోగుతుంటే, కింద మందుల షాపాయన వచ్చినవాళ్ల చేత ప్రతి మాటా రెండేసి సార్లు చెప్పించుకునేవాడు. రెండు వేల మూడు, నాలుగు ప్రాంతానికి ఆయనకి ఆ ఇబ్బంది తీరిపోయింది. పదిహేను మిషన్లకీ కలిపి ఆరుగురు పిల్లలు మిగిలారు. అందులో ఇద్దరు ఇంట్లో పనులు తప్పించుకోవడానికి వచ్చేవాళ్లు.

రోడ్డుకి అవతల కొత్తగా ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. అద్దాల తలుపు, ఏసీ, రంగురంగుల లైట్ల బోర్డు. మేడం గారు మా కిటికీలోంచి దాన్ని చూసి, "పెళ్లివారిల్లులా ఎన్ని లైట్లే దానికి!" అని ఊరుకునేవారు. ఊరుకున్నారనే నేననుకున్నాను. ఒక సోమవారం పొద్దున మెట్లెక్కి వెళ్లేసరికి తొమ్మిది టైపు మిషన్లు కనపడలేదు. వాటి చోట నాలుగు కంప్యూటర్లు కూర్చుని ఉన్నాయి. ఏదో ఆఫీసువాళ్లు వాడి వాడి వదిలించుకున్నవి. తెల్లగా ఉండాల్సిన డబ్బాలు పసుప్పచ్చగా తిరిగాయి. ఒకదాని కీబోర్డు సందుల్లో బిస్కెట్టు పొడి కూడా ఉంది.

"గురువారం పది గంటలకి కంప్యూటర్ బ్యాచ్ మొదలు. పదకొండు మంది ఆడపిల్లలు పేర్లిచ్చారు. నువ్వే చెబుతున్నావు" అన్నారు మేడం గారు, ఏదో మామూలు కబురు చెప్పినట్టు.

"నేనా అండీ?"

"మరి నేనా?"

అప్పటికి నా కంప్యూటర్ విద్యంతా ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు. ఉత్తరం టైపు చేసి ప్రింటు తీయడం వచ్చు, పద్ధతిగా ఆపడం వచ్చు. అది చాలదని నాకు తెలుసు, ఆవిడకి తెలియదు. చెబుదామని నోరు తెరిచాను. ఈలోపు ఆవిడే గొంతు తగ్గించి, "ఈ బ్యాచ్ నిలబడితే ఇన్‌స్టిట్యూట్ ఉంటుందే. లేకపోతే నెలాఖరుకి మేడ ఖాళీ చేసేస్తాను. మందుల షాపాయన గోడౌనుకి కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నాడు" అన్నారు. తెరిచిన నోరు మూసుకున్నాను.

పదకొండు మందిలో ఇద్దరు అక్కచెల్లెళ్లు పామర్రు నుంచి బస్సులో వచ్చేవాళ్లు. వాళ్ల తాతగారు ముందే తేల్చి చెప్పేశారట. మిషన్లు తిరగడం కళ్లారా చూస్తేనే పిల్లల్ని కూర్చోబెడతారట, లేకపోతే రోడ్డు దాటించి ఆ లైట్ల బోర్డులో చేర్చేస్తారట. వాళ్లిద్దరూ లేస్తే మిగతా తొమ్మిది మందీ వాళ్ల వెనకే లేస్తారని మాకిద్దరికీ తెలుసు.

నాలుగింటినీ ఆన్ చేశాను. నాలుగూ నల్లగా వెలిగి, నడిపించే సిస్టమ్ ఏదీ దొరకలేదని తెల్లటి అక్షరాల్లో చెప్పి ఊరుకున్నాయి. ఆ ఆఫీసువాళ్లు శుభ్రంగా అన్నీ తుడిచేసి ఇచ్చారు. అంటే ఇల్లు ఉంది, గోడలున్నాయి, లోపల ఒక్క చెంచా కూడా లేదు.

ఆ రోజుల్లో బెజవాడలో ఈ సమస్యకి మందు అందరికీ తెలుసు. ఏ కంప్యూటర్ షాపుకి వెళ్లినా పెన్నుతో పేరు రాసిన దొంగ సీడీ ఒకటి జేబులోంచి తీసి ఇచ్చేవాళ్లు. నేనదే చెప్పాను. మేడం గారు కళ్లజోడు తీసి నా వంక చూశారు. ఆవిడ పరీక్ష హాల్లో పక్కవాళ్ల కాగితం చూసిన పిల్లని కళ్లజోడు తీసి అలాగే చూసేవారు.

"దొంగ సరుకుతో పాఠం మొదలుపెడతామా? ఇంకో దారి చూడు."

ఇంకో దారి మైలవరంలో ఉంది. మా దగ్గరే టైపు నేర్చుకున్న ఒక కుర్రాడు అక్కడ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో ఉద్యోగం చేస్తున్నాడు. ఫోన్ చేస్తే, "లినక్స్ అని ఒకటుందక్కా, ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. మా ల్యాబులో దింపి పెట్టుకున్నాం, మూడు రోజులు పట్టింది దిగడానికి. వచ్చి తీసుకెళ్లండి" అన్నాడు. ఉచితమైనదాంట్లో దొంగతనమేముంటుందని మేడం గారు వెంటనే ఒప్పుకున్నారు.

మంగళవారం మైలవరం బస్సెక్కాను. ల్యాబులో చెప్పులు బయట విడిచి చల్లటి గచ్చు మీద నడుస్తుంటే నాకే ఏదో పెద్ద ఇంజినీరునైనట్టు అనిపించింది. ఆ ఊపులోనే తప్పు చేశాను. "ఫైలు ఇమ్మంటారా అక్కా, సీడీ రాసిమ్మంటారా?" అని ఆ కుర్రాడు అడిగాడు. ఆ రెండింటికీ తేడా నాకు తెలిస్తేగా! తెలియదని చెప్పడానికి నామోషీ. పైగా వాడు నాకంటే చిన్నవాడు, నా కళ్లముందే లోయరు తప్పినవాడు. "ఫైలే ఇవ్వు, మిగతాది నాకు తెలుసులే" అన్నాను. వాడు నమ్మాడు. సీడీ మీద ఆ ఫైలు కాపీ చేసి, ఏం చేయాలో ఒక కాగితం మీద గబగబా రాసిచ్చి క్లాసుకి పరిగెత్తాడు.

బుధవారం పొద్దున్నే మొదటి కంప్యూటర్లో సీడీ పెట్టాను. అది కాసేపు గుర్రుగుర్రుమని తిరిగి, మళ్లీ అదే నల్ల తెర చూపించింది. రెండోదాంట్లో పెట్టినా అంతే. మేడం గారు కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుని, ఏమీ అడగకుండా చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. అడిగితే సమాధానం చెప్పొచ్చు, అడగనివాళ్లకి ఏం చెబుతాం?

సీడీ పట్టుకుని పక్క సందులో నెట్ సెంటర్‌కి వెళ్లాను, మేడం గారు కూడా వెనకే వచ్చారు. అక్కడాయన తన కంప్యూటర్లో తెరిచి చూసి, "ఇందులో ఒకటే ఫైలుందండీ. చాలా పెద్దది. తెరిస్తే తెరుచుకోవట్లేదు" అన్నాడు. అక్కడి ఫోన్లోంచే మైలవరానికి చేశాను.

"అది ఫైలుగానే ఉంటే పనిచెయ్యదక్కా. అది మొత్తం సీడీకి ఇమేజి. దాన్ని ఇమేజిగా ఇంకో సీడీ మీదకి రాయాలి. అందుకే కదా నిన్న అడిగాను? మీకు తెలుసన్నారు!"

ఫోను గొంతు పెద్దది. మేడం గారికి అంతా వినపడింది. కాస్త ఆలోచించి, "స్టెన్సిల్ కదటే అది?" అన్నారు.

మా ఇన్‌స్టిట్యూట్‌లో ప్రశ్నపత్రాలకి స్టెన్సిల్ కాగితం మీద టైపు కొట్టేవాళ్లం. ఆ స్టెన్సిల్‌ని ఉన్నదున్నట్టు పిల్లల చేతికిస్తే ఏ పనికీ రాదు. దాన్ని రోలరుకి తగిలించి, సిరా పూసి తిప్పితేనే అచ్చు పడుతుంది. మేము స్టెన్సిల్‌ని పట్టుకొచ్చి, చదువుకోమని కంప్యూటర్ ముందు పెట్టామన్నమాట. ఆరు నెలల కోర్సు చేసిన నాకు తట్టలేదు, కంప్యూటర్ ముట్టుకోని ఆవిడకి తట్టింది. నాకు సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. నెట్ సెంటర్ ఆయన దగ్గర సీడీ రాసే డ్రైవు ఉంది. ఆయన ఆ ఫైలుని ఇమేజిగా కొత్త సీడీ మీద రాస్తున్నంతసేపూ మేడం గారు ఫ్యాను వంకే చూస్తూ నిలబడ్డారు. కరెంటు పోతే సీడీ పాడవుతుందని ఆయన చెప్పాడు మరి. ఆ పూట కరెంటు వాళ్లు మా మీద దయ చూపించారు.

మధ్యాహ్నం ఒంటిగంటకి కొత్త సీడీ పెట్టగానే మొదటి కంప్యూటర్ తెర నీలంగా మారింది. పెంగ్విన్ పక్షి బొమ్మొకటి వచ్చి నిలబడింది. "బాతా?" అన్నారు మేడం గారు. బాతు కాదండీ అని చెప్పేంత ఓపిక లేక అవునన్నాను. భాష ఏది, గడియారం ఏ దేశానిది అని అది అడుగుతుంటే జవాబులు చెప్పుకుంటూ పోయాను. అంతా సాఫీగా సాగుతుంటే నాలోని ఇంజినీరు మళ్లీ లేచి కూర్చుంది.

అప్పుడు డిస్కుని భాగాలు చెయ్యమంది. ఆ పాత డిస్కుల్లో చోటు తక్కువ, మొత్తం రెండు వేల పదిహేను ఎంబీలు. అందులో రెండు భాగాలు చేసి, దేనికి ఎన్ని ఎంబీలో గళ్లలో అంకె వెయ్యాలి. పెద్ద భాగంలో సిస్టమ్ కాపురముంటుంది. చిన్నదాని పేరు స్వాప్, పని ఎక్కువైనప్పుడు కంప్యూటర్ సామాను తాత్కాలికంగా అందులో పెట్టుకుంటుంది. కుర్రాడి కాగితం తీసి చూశాను. "పెద్దదానికి వెయ్యి పైన. మిగిలిన దాంట్లో స్వాప్‌కి తగినంత" అని రాసి ఉంది. వంటల పుస్తకంలో ఉప్పు సంగతి రాసినట్టు.

"వెయ్యి పైనంటే ఎంతండీ?" అన్నాను.

మేడం గారికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "వెయ్యి పైనంటే వెయ్యి నూట పదహారే కదే! శుభమా అని మొదలుపెడుతూ సున్నాతో ముగిస్తామా?"

నాకూ అది న్యాయంగానే అనిపించింది. నేను తురకల పిల్లనే గానీ, పుట్టి పెరిగింది ఇక్కడేగా. పెళ్లి చదివింపులైనా, పందిరి చందా అయినా, మాస్టారికి తాంబూలంలో పెట్టేదైనా, నూట పదహార్లో వెయ్యి నూట పదహార్లో తప్ప ఇంకో అంకె నేను చూడలేదు. పెద్ద గడిలో 1116 కొట్టాను. ఆవిడ తృప్తిగా తలూపి, "స్వాప్‌కి నీ ఇష్టం, నీకు ఏది మంచిదో అది కొట్టు" అన్నారు. నాకు మంచిదంటే ఇంకేముంది? మా అబ్బా పాత స్కూటరు ముందు అద్దం మీద ఉన్న అంకె, మా ఇంటి గుమ్మం మీదున్న అంకె. 786 కొట్టాను. ఆవిడ చూసి, "బాగుంది, ఇద్దరి దేవుళ్లూ కూర్చున్నారు" అన్నారు. ఇంత పకడ్బందీగా కంప్యూటర్ని సిద్ధం చేసినవాళ్లు కృష్ణా జిల్లా మొత్తంలో ఉండరని గర్వపడుతూ ముందుకి నొక్కాను.

ఫైళ్లు ఎక్కడం మొదలైంది. పది శాతం, ఇరవై, నలభై. మేడం గారు క్యారేజీ విప్పి పెరుగన్నం సగం నాకు పెట్టారు. అన్నం తింటూ శాతాలు చూశాం. అరవై ఒకటి దగ్గర ఆగింది. ఐదు నిమిషాల తరవాత చోటు లేదని చిన్న పెట్టె ఒకటి తెర మీద పడింది. దాని కింద ఒకటే బటను. నొక్కితే మొత్తం మొదటికొచ్చింది.

"వెయ్యి నూట పదహార్లు వేసినా చోటు చాలకపోవడమేమిటే?" అన్నారు మేడం గారు. పాపం నిజంగానే నొచ్చుకున్నారు. అబద్ధం ఎందుకు, నాకు ఆ క్షణంలో ఆవిడ అంకె మీదే అనుమానం వచ్చింది. ఆవిడకి నా అంకె మీద వచ్చిందని, నా వైపు చూడకుండా క్యారేజీ గిన్నెలు సర్దడంలోనే తెలిసిపోయింది. ఇన్నేళ్లలో మా మధ్య అలాంటి నిమిషం ఎప్పుడూ రాలేదు. నాకేమీ బాగా అనిపించలేదు.

మైలవరానికి మళ్లీ ఫోన్ చేశాను. ఎంతెంత వేశామో చెబితే వాడు నవ్వడం మొదలుపెట్టాడు. వాడితో పాటు ల్యాబులో ఇంకెవరో కూడా నవ్వారు.

"వెయ్యి పైనంటే కనీసం పద్దెనిమిది వందలక్కా! స్వాప్‌కి నూట పాతిక ఉంటే ఎక్కువ!"

"ఆ ముక్క కాగితం మీద రాసి ఏడవొచ్చు కదరా" అని ఫోన్ పెట్టేశాను. తిట్టాక కొంచెం హాయిగా అనిపించింది.

కాగితం మీద లెక్క వేసి మేడం గారికి చూపించాను. నా ఏడొందల ఎనభై ఆరు తీసేస్తే తప్ప పెద్ద భాగానికి చోటు చాలదు. అది తీసినా, వెయ్యి నూట పదహారులో సిస్టమ్ పట్టదు. ఆవిడ కాగితాన్ని రెండుసార్లు చూశారు.

"అయితే నాది తీసెయ్. నీది కదపకు. ఇంకేదన్నా తగ్గించి చూడు" అన్నారు.

"ఇంకేదన్నా అంటే అందులో ఏముందండీ? ఉన్నవే రెండు. నాదే తీస్తాను, మీది ముందు వేసింది, అది ఉండనివ్వండి."

"దేవుడి అంకె అలా తీసెయ్యకూడదే. మీ అబ్బాకి తెలిస్తే ఏమనుకుంటాడు?"

"మరి మీది దేవుడిది కాదా అండీ?"

"నాది ఆనవాయితీ. నీది నమ్మకం. తేడా లేదూ?"

ఇద్దరం బస్సులో సీటు కోసం మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని బతిమాలుకున్నట్టు అక్కడే చాలాసేపు వాదించుకున్నాం. ఇందాక ఆవిడ మీద అనుమానపడ్డందుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ అది చూసి, కుర్చీ ముందుకి లాక్కుని కీబోర్డు తన వైపు తిప్పుకున్నారు. "దానికెంత కావాలో అంత పెట్టక, మనకి నచ్చినంత పెట్టి తినమంటే ఎలా తింటుందే? అంకె చెప్పు" అన్నారు.

"పద్దెనిమిది వందల ఎనభై."

ఆవిడ కీబోర్డు వంక చూడలేదు. తెర మీదే కళ్లు పెట్టి, పై వరసలో నాలుగు అంకెలూ నాలుగు వేళ్లతో కొట్టేశారు. రెండో గడిలో నూట ఇరవై ఎనిమిది కూడా ఆవిడే కొట్టారు. కంప్యూటర్‌ని ఆవిడ ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆ వేగం చూసి నేను అవాక్కయ్యాను. ఆవిడ మాత్రం, "మీటలు మరీ మెత్తగా ఉన్నాయి. దెబ్బ తగిలినట్టే లేదు" అని పెదవి విరిచారు.

ఈసారి అరవై ఒకటి దగ్గర ఇద్దరం ఊపిరి బిగబట్టాం. అరవై రెండొచ్చింది. నాలుగున్నరకి మొదటి కంప్యూటర్ తనంతట తాను ఆగి, తనంతట తాను లేచి, నీలం తెర మీద చిన్న చిన్న బొమ్మలు పరిచింది. మేడం గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ వయసులో ఆవిడ చప్పట్లు కొట్టడం నేను చూస్తాననుకోలేదు. నాకూ గంతులెయ్యాలనిపించింది గానీ కింద మందుల షాపాయన కప్పు ఊడిందనుకుంటాడని ఊరుకున్నాను. సాయంత్రానికి రెండోదీ, గురువారం తెల్లారి ఆరింటికే వచ్చి మిగతా రెండూ పూర్తి చేశాను.

పదింటికి పదకొండు మందీ వచ్చారు. పామర్రు తాతగారు మనవరాళ్ల ముందు నడుస్తూ, కండువా సర్దుకుంటూ మెట్లెక్కి వచ్చారు. నాలుగు తెరలూ వెలుగుతున్నాయి. ఆయన ఒక్కొక్కదాని ముందూ నిలబడి, దాని వెనక వైపుకి వంగి చూసి, "ఏదమ్మా, ఒక్కటీ తిరగట్లేదే?" అన్నారు.

మేడం గారి మొహం పాలిపోయింది. నాకు ఆ క్షణాన ఎక్కడి నుంచి తట్టిందో గానీ, సీడీ బటను నొక్కాను. ట్రే నాలికలా బయటికొచ్చింది. సీడీ పెట్టి మళ్లీ నొక్కాను. అది లోపలికి పోయి గుర్రుమని తిరిగింది. తాతగారు చెవి దానికి ఆనించి విన్నారు. "ఆ, తిరుగుతోంది. కూర్చోండే" అని మనవరాళ్లకి చెప్పి, బస్సు టైమయిందని వెళ్లిపోయారు. మిగతా తొమ్మిది మందీ గబగబా చోట్లు పట్టుకున్నారు.

మూడు కంప్యూటర్ల ముందు ముగ్గురేసి, చివరిదాని ముందు ఇద్దరు. నేను వాళ్ల ముందు నిలబడ్డాను. నిలబడ్డాక చూస్తే, మేడం గారి కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ ఒక స్టూలు పట్టుకొచ్చుకుని, చివరి కంప్యూటర్ దగ్గర ఆ ఇద్దరు పిల్లల పక్కన కూర్చుంటున్నారు. ఒళ్లో కొత్త నోటుబుక్కు, చేతిలో పెన్ను. తనిఖీకి కూర్చున్నారేమో అనుకున్నాను. ఇంతలో పక్కపిల్లని, "మౌసు అంటే ఇదేనా అమ్మా?" అని మెల్లిగా అడగడం వినపడింది.

ఇన్‌స్టిట్యూట్ నిలబడింది. ఆవిడ కోరుకున్నదే జరిగింది. కానీ మిగిలిన ఆరు టైపు మిషన్ల దగ్గర తప్ప, ఇక నుంచి ఈ గదిలో ఆవిడ చెప్పగలిగేది ఏమీ లేదని నాకు అప్పటిదాకా తోచనే లేదు. ఆవిడకి సోమవారమే తోచి ఉంటుంది. తోచే ఆ తొమ్మిది మిషన్లూ పంపించేసి ఉంటారు. నేను ఆవిడ స్టూలు వంకే చూస్తూ నిలబడిపోతే, పిల్లలంతా నా వంక చూస్తున్నారు.

"మొదలుపెట్టండి, మేడం గారూ" అన్నారు ఆవిడ, చివరి వరసలోంచి.

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పెన్ను మూత తీసి, నేనేం చెబితే అది రాసుకోవడానికి తయారుగా ఉన్నారు. నేను కళ్లు తుడుచుకుని, కంప్యూటర్ని ఆన్ చేసే బటను ఎక్కడుంటుందో చెప్పాను. అందరికంటే ముందు ఆవిడే రాసుకున్నారు.